చందవరం హాఫ్ డే రైడ్: మట్టి ముందా, స్తూపం ముందా?

ఒంగోలు నుంచి నేను నడిపే చిన్న చిన్న బైక్ రైడ్లలో ఎక్కువమంది అడిగేది దొనకొండ, చందవరం హాఫ్ డే. చీకటితో బయల్దేరి, డొంకల్లో వాగుల్లో బండి నడిపి, బౌద్ధ స్తూపం చూసి, మధ్యాహ్నం భోజనం వేళకి తిరుగుముఖం పట్టడం. చెప్పడానికి ఒక్క ముక్కలో అయిపోతుంది. 2023 డిసెంబరు 10, ఆదివారం నాడు మాత్రం నేను కాగితం మీద రాసుకున్నది ఒక్కటీ జరగలేదు. అనుకోకుండా మారిపోయిన వరసే అసలు వరస అని తర్వాత తెలిసింది. ఆ ఒక్క రోజు గురించే ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని చేసేవాళ్ళకి, చేయాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని లెక్కలు, తప్పులు కూడా దాచకుండా పెడుతున్నాను.

ముందు చోటు గురించి. చందవరం ప్రకాశం జిల్లా దొనకొండ మండలంలో ఉంది. దొనకొండకి వాయవ్యంగా 10 కిలోమీటర్లు. పక్కనే గుండ్లకమ్మ, ఒడ్డున కొండ, కొండ మీద మహాస్తూపం. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 2వ శతాబ్దం మధ్య, శాతవాహనుల కాలంలో కట్టింది. 1964లో పురావస్తు పరిశోధకులు డాక్టర్ వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు గుర్తించేదాకా బయటి లోకానికి తెలియదు. 1972 నుంచి 1977 దాకా నాలుగు విడతలుగా తవ్వితే పెద్ద స్తూపంతో పాటు 15 స్తూపాలు, వంద దాకా చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు బయటపడ్డాయి. సాంచిలో లాగా ఇక్కడి మహాస్తూపం కూడా రెండంతస్తుల వేదిక మీద ఉంటుంది. అండం, అంటే పైనున్న గుమ్మటం లాంటి భాగం ఎత్తు 30 అడుగులు, చుట్టుకొలత 120 అడుగులు. కాశీ నుంచి కంచికి నడిచిపోయే భిక్షువులకి ఇది మజిలీ అని చెబుతారు. ఇంత ఉన్నా, ఒంగోలులో పుట్టి పెరిగినవాళ్ళలో సగం మంది దీన్ని చూసి ఉండరు. నేనూ ముప్పై ఏళ్ళు వచ్చేదాకా చూళ్ళేదు.

"బౌద్ధ గుళ్ళు చూపిస్తారంట గదన్నా" అని ఫోన్ చేస్తారు. గుడి కాదు తమ్ముడూ, స్తూపం అంటాను. ఆ తేడా ఫోన్లో ఎక్కదు. అక్కడికి వెళ్ళాక కూడా చాలామందికి ఎక్కలేదు, మొదటి రెండు రైడ్లలో. నిజం చెప్పాలంటే, ఈ కథ మొదలైంది అక్కడే.

కాగితం మీద ప్లాను

నవంబరులో రెండు రైడ్లు చేశాను. రెండింటికీ వరస ఒకటే. ఆరుంబావుకి దొనకొండలో టీ. ఆరున్నర నుంచి పావు తక్కువ తొమ్మిది దాకా డొంకలు, పొలాల మధ్య బండ్ల బాటలు, మొత్తం 28 కిలోమీటర్లు. తొమ్మిదికి స్తూపం, గంట సేపు. తర్వాత గుండ్లకమ్మ వైపు దిగి, పదకొండున్నరకి దొనకొండ, టిఫిన్, సెలవు. ముందు సరదా తీరితే తర్వాత కుదురుగా కూర్చుని వింటారని నా అంచనా.

అలా జరగలేదు. రెండు గంటలు నిలబడి బండి నడిపి వచ్చినవాడికి తొడలు వణుకుతుంటాయి. ఒళ్ళంతా దుమ్ము, తలలో హోరు. కొండ ఎక్కమంటే మొహం మాడ్చుకుంటాడు. ఎక్కాక స్తూపం ముందు రెండు ఫోటోలు, హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక సెల్ఫీ, "పదన్నా, నది దగ్గర నీళ్ళున్నాయంటగా". మొదటి రైడ్‌లో స్తూపం దగ్గర గడిపిన సమయం గడియారం చూసి రాసుకున్నాను: 22 నిమిషాలు. రెండోసారి 25. దాంట్లో పది నిమిషాలు నేను మాట్లాడుతుంటే ఫోన్లు చూసుకున్నవే. అయినా ఇద్దరు ముగ్గురు మంచి రివ్యూ ఇచ్చారు, బండి నడపడం గురించి. స్తూపం మాట ఒక్కరూ ఎత్తలేదు. అది నన్ను చాలా రోజులు గుచ్చింది. రైడ్ మాత్రమే కావాలంటే పొదిలి చుట్టుపక్కల ఎక్కడైనా చేయొచ్చు, ఇంత దూరం రావక్కర్లేదు.

మూడో రైడ్‌కి పేర్లిచ్చినవాళ్ళు ఐదుగురు. బ్యాంకులో పనిచేసే నలభై ఎనిమిదేళ్ళాయన, హిమాలయన్ బైకు మీద. పళ్ళ డాక్టరమ్మ, ఎక్స్‌పల్స్ మీద. ఐదుగురిలోకీ బాగా నడిపేది ఆవిడే. పొగాకు వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు, ఒకరిది హిమాలయన్, ఒకరిది ఎక్స్‌పల్స్. ఐదోవాడు నెల్లూరబ్బాయి, హిమాలయన్, కొత్తగా కొన్నాడు. అందరూ సొంత బండ్ల మీదే రావాలనేది నా నియమం, అద్దె బండ్ల జోలికి నేను పోను. ముందు నేను, చివర మా మెకానిక్ తమ్ముడు.

తుపాను, రెండు సింగరకొండలు

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పడమటి మండలాలు తీరానికి దూరమే అయినా వాన పడింది. 8వ తేదీన ఫోన్ చేసి కనుక్కుంటే "ఎండ కాస్తోంది, రావచ్చు" అన్నారు. నేనూ అదే వినాలనుకున్నాను కాబట్టి నమ్మాను. స్వయంగా వెళ్ళి చూసుకోకపోవడం నా మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా సిల్లీ. చందవరంలో స్తూపం ఉన్న కొండని సింగరకొండ అంటారు. రైడ్ మెసేజ్‌లో గొప్పగా ఉంటుందని "సింగరకొండ మీద సూర్యోదయం" అని పెట్టాను. మన జిల్లాలో సింగరకొండ అంటే చంటిపిల్లాడైనా చెప్పేది అద్దంకి దగ్గరి ఆంజనేయస్వామి కొండ. నెల్లూరబ్బాయి ముందు రోజు రాత్రి మేదరమెట్లలో వాళ్ళ పిన్నమ్మ గారింట్లో పడుకున్నాడు. పొద్దున్నే ఐదున్నరకి ఫోను.

"అన్నా, నేనొచ్చేశా. ఎక్కడున్నారు మీరు? ఎవరూ లేరే ఇక్కడ."

"దొనకొండలో టీ కొట్టు దగ్గరికి రా అబ్బయ్యా."

"దొనకొండేంది? ఇక్కడ గుడి మెట్ల దగ్గరుంటే!"

నాకు వెన్నులో చలి పుట్టింది. అక్కడికీ ఇక్కడికీ అరవై కిలోమీటర్లకి పైనే. తమాషా ఏమిటంటే రెండు చోట్లా పక్కన పారేది ఒకటే గుండ్లకమ్మ. నది పక్కనే వస్తే చాలు అని మా మెకానిక్ జోకేశాడు. నాకు నవ్వు రాలేదు. దర్శి మీదుగా కురిచేడు, అక్కణ్ణించి దొనకొండ, తొందరపడొద్దు, నిదానంగా రా అని చెప్పాను. ఏడుంబావు, ఏడున్నర అవుతుంది.

మిగతా నలుగురూ ఆరున్నరకల్లా దొనకొండలో ఉన్నారు. ఒకడి కోసం గంట కూర్చోబెడితే మొహాలు మారతాయి. సరే, ఈలోపు ఒక చిన్న రౌండ్ వేద్దామని ఊరి బయటి డొంకలోకి దించాను. దారిలో కంది చేను గట్టు మీద నిలబడ్డ ఒక పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు.

"రేగట్లోకి దిగబాకండి అబ్బాయా. పైన ఆరినట్టే ఉంటది, లోపల బంక. బండి ఎత్తుకోని రావాల్సొస్తది."

నేను ఆగాను. నా వెనక ఉన్న పొగాకు వ్యాపారి ఒకడు, ఆ పెద్దాయన మాట వినలేదో, విననట్టు ఊరుకున్నాడో, పక్కనుంచి ముందుకి పోయాడు. ఇరవై గజాలు కూడా పోలేదు.

నల్లరేగడి ఎలా పట్టుకుంటుందో చూడనివాళ్ళకి చెబుతాను. పైన వేలి మందం పొర ఎండి, పగుళ్ళిచ్చి, గట్టిగా కనిపిస్తుంది. చక్రం దాన్ని పగలగొట్టి కింద తడికి తగలగానే మట్టి టైరుకి అట్టులా అంటుకుంటుంది. తిరిగేకొద్దీ పొర మీద పొర. టైరు గాళ్ళు కనపడవు, గుండుగా నున్నగా అయిపోతుంది. ఆ మట్టి పోయి చైన్ పక్కన, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ సందులో, మడ్‌గార్డ్ కింద కుక్కుకుంటుంది. చివరికి చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. హిమాలయన్ ముందు మడ్‌గార్డ్ చక్రానికి కాస్త పైన ఉంటుంది కాబట్టి ముందు చక్రం బతికింది, వెనకది పూర్తిగా ఆగిపోయింది. 200 కిలోల బండి, దాని మీద మట్టి బరువు అదనం. యాక్సిలరేటర్ ఇస్తే క్లచ్ ప్లేట్లు మాడిన వాసన. ఇంజన్ ఆపించి, కందికట్టెతో మట్టి గీకి, నలుగురం పట్టి వెనక్కి లాగాం. నలభై నిమిషాలు. పెద్దాయన గట్టు మీద నుంచి కదల్లేదు, "చెప్తే ఇన్నారా" అని ఒక్కసారి మాత్రం అన్నాడు. తర్వాత ఆయనే కొడవలి తెచ్చి చైన్ సందులో మట్టి తీశాడు.

అప్పటికి టైము ఏడుంబావు దాటింది. అందరి బూట్లకీ కిలో కిలో మట్టి. నా 28 కిలోమీటర్ల దారిలో సగానికి పైగా ఇదే రేగడి.

ఏది కోయాలి

హాఫ్ డే టూరులో అసలు తలనొప్పి ఇదే. రోజంతా ఉన్న టూరులో గంట పోతే భోజనం వెనక్కి జరుపుకోవచ్చు. హాఫ్ డేలో గంట పోయిందంటే ఏదో ఒకటి కోయాలి. ఇంతకు ముందు ఎప్పుడు ఆలస్యమైనా నేను కోసింది స్తూపాన్నే. ఎందుకంటే డబ్బిచ్చినవాళ్ళు రైడర్లు, రైడ్ తగ్గితే అడుగుతారు, స్తూపం తగ్గితే ఎవరూ అడగరు.

ఆ రోజు రైడ్ కోయక తప్పలేదు. రేగడి దారి లేదు. మిగిలింది కొండ అవతల ఎర్ర గరప నేల, అంటే కంకర కలిసిన మట్టి, అదీ రాత్రి మంచుకి తడిగా ఉంది. ఎండ రెండు గంటలు కాస్తే బాగుంటుంది. నెల్లూరబ్బాయి నేరుగా చందవరం రాగలడు, దొనకొండలో కలుసుకోవాల్సిన పని లేదు. అన్నీ కలిపి చూస్తే ఒకటే దారి: తారు రోడ్డు మీద నేరుగా స్తూపానికి వెళ్ళడం, మట్టి తర్వాత చూసుకోవడం. నలుగురికీ అలాగే చెప్పాను. పొగాకు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నవాడు "రైడ్ ఉంటది గదా అన్నా?" అన్నాడు. ఉంటుంది, సగమే ఉంటుంది అన్నాను. అబద్ధం చెప్పి లాక్కుపోతే పది గంటలకి బయటపడేదే.

కొండ మీద

ఎనిమిదికి పది నిమిషాలుందనగా కొండ కింద బండ్లు ఆపాం. ఇది రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. బండి పైకి ఎక్కించే ప్రసక్తే లేదు, ఎక్కించగల దారి కనిపించినా సరే. హెల్మెట్లు, జాకెట్లు, గ్లవ్స్ అన్నీ బండ్ల దగ్గరే పెట్టించాను, మెకానిక్ తమ్ముడు కాపలా. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, చంకలో హెల్మెట్ ఉన్న మనిషి ఎప్పుడూ వెళ్ళిపోబోతున్నట్టే ఉంటాడు. నెల్లూరబ్బాయి కూడా అప్పుడే చేరాడు, సిగ్గుపడుతూ, చేతిలో ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చిన ప్రసాదం పొట్లం. తలా కాస్త తిన్నాం.

చలికాలం పొద్దున ఎనిమిది గంటల ఎండ ఏటవాలుగా పడుతుంది. తొమ్మిదిన్నరకి వచ్చినప్పుడు తెల్లగా, చదునుగా కనిపించిన రాళ్ళే ఇప్పుడు అంచులు తేలి ఉన్నాయి. గోరు మందం గీత కూడా నీడ వేస్తోంది. నేను రెండుసార్లు వచ్చి కూడా ఇది చూడలేదు.

బ్యాంకాయన స్తూపం చుట్టూ ఒకసారి నడిచొచ్చి మెల్లగా అడిగారు. "తలుపు ఎటువైపండీ?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి. అడిగితేనే కథ మొదలవుతుంది. తలుపు లేదు. గుడిలో మనం లోపలికి వెళ్తాం, గర్భగుడి, విగ్రహం, హారతి. స్తూపానికి లోపల లేదు. లోపల ఉండేది ధాతువు, అంటే అస్థికలో, పూజ్యుల గుర్తులో. మనిషి చేయగలిగింది చుట్టూ తిరగడమే, కుడిచేయి స్తూపం వైపు ఉండేలా. కింద గుండ్రటి వేదిక మేధి, దాని మీద బోర్లించిన గిన్నెలాంటిది అండం, అండం నెత్తిన చదరంగా కట్టేది హర్మిక, దాని మధ్యలోంచి లేచేది ఛత్రం. ఈ నాలుగు మాటలు చాలు, అమరావతి వెళ్ళినా సాంచి వెళ్ళినా అర్థం చేసుకోవడానికి. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకి ఇంకోటి అదనం: నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం, ఐదింటికి ఐదు. అది మన ఆంధ్ర దేశపు అలవాటు. ఉత్తరాదిన కనిపించదు.

"మరి బుద్ధుడి బొమ్మ ఏదండీ?" డాక్టరమ్మ.

తొలినాళ్ళలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్ళు కాదు. బోధి చెట్టు చెక్కితే ఆయన ఉన్నట్టు. ధర్మచక్రం, పాదాలు, ఖాళీ ఆసనం, చివరికి స్తూపమే. చందవరంలో దొరికిన సున్నపురాతి పలకల మీద బోధి చెట్టు, స్తూపం ఇలాగే ఉన్నాయి. ఈ మాట చెప్పాక ఆవిడ ఇంకో రౌండ్ వేసొచ్చింది, ఈసారి నిదానంగా.

పొగాకు అన్నదమ్ములకి ఎక్కింది వేరే విషయం. చిన్న మొక్కుబడి స్తూపాల గురించి చెబుతూ, ఇవన్నీ రాజులు కట్టించినవి కావు, మామూలు జనం మొక్కు తీర్చుకోవడానికి కట్టించుకున్నవి అన్నాను. రాజుల సొమ్ము కాకుండా ఇంకెవరు ఇచ్చేవాళ్ళంటే, అమరావతి శాసనాల్లో ఆ పేర్లున్నాయి. గృహపతులు, వర్తకులు, భిక్షుణులు. తోలు పని చేసుకునే విధికుడు అనే ఆయన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి పలక ఇచ్చాడు. పెద్దవాడు వెంటనే, "అంటే మనలాంటి షావుకార్లు కూడా రాయి మీద పేరు కొట్టించుకున్నారనమాట" అన్నాడు. అంతే గదా మరి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ చిన్న స్తూపాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలెట్టారు. ఎందుకు లెక్కపెడుతున్నారో నాకు తెలియదు. నేను అడ్డు చెప్పలేదు.

చివరగా ఒక్క కథ, కింద ఏ ముక్కా ఏరుకోవద్దని చెప్పడానికి. ఈ చోటు నుంచి శిల్పాలు దొంగల పాలయ్యాయి. అలా పోయిన వాటిలో బుద్ధుణ్ణి కొలిచే భక్తుల పలక ఒకటి న్యూయార్క్ డీలర్ చేతికి చేరి, 2005లో కాన్‌బెరాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాకి అమ్ముడుపోయింది. ఆరా తీశాక 2016లో వాళ్ళు దాన్ని మన దేశానికి అప్పగించారు. దొనకొండ మండలం నుంచి కాన్‌బెరా దాకా పోయి వచ్చిన రాయి. ఇంత చిన్న ఊరి పేరు అంత దూరం వినపడింది దొంగతనం వల్లే. ఇది చెప్పినప్పుడు ఎవరూ ఫోను చూడలేదు.

కొండ దిగేసరికి తొమ్మిదీ పది. ఒక గంటా ఇరవై నిమిషాలు. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ ఆపలేదు.

సగం రైడ్, రెండు పంక్చర్లు

ఎండ ఎక్కింది, ఎర్ర గరప ఆరింది. టైర్లలో గాలి ముందు 20, వెనక 22 పీఎస్ఐకి దించాం. రాళ్ళున్న చోట ఇంతకంటే దించితే ట్యూబు రిమ్ముకి రాయికి మధ్య నలిగి చిరుగుతుంది. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ని వెనక చక్రానికి ఆపగలిగినవాళ్ళని ఆపమన్నాను. ఒక చప్టా మీద పిక్కల దాకా నీళ్ళు పారుతున్నాయి. నేను ముందు నడిచి చూసి, పాచి ఉన్న అంచు ఏదో చూపించి, ఒక్కొక్కరినే పంపాను. పొద్దున రేగట్లో దిగబడ్డ మనిషి ఈసారి నాకంటే ముందే బండి దిగి నడిచి చూశాడు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది.

అసలు పరీక్ష చిల్లచెట్లది. ఈ సర్కారు తుమ్మ ముల్లు అంగుళానికి పైనే ఉంటుంది. వానకి కొట్టుకొచ్చిన కొమ్మలు బాటంతా పరుచుకుని ఉన్నాయి. ఆరో కిలోమీటరు దగ్గర డాక్టరమ్మ ఎక్స్‌పల్స్ వెనక టైరు కూర్చుండిపోయింది.

మా మెకానిక్ చేయి తిరిగినవాడు. చక్రం ఊడదీసి, లివర్లతో టైరు ఒకవైపు తప్పించి, ట్యూబు లాగి, అతుకేసి, బిగించేసరికి 25 నిమిషాలు. అందరం చప్పట్లు కొట్టాం. రెండు కిలోమీటర్లు పోయామో లేదో మళ్ళీ అదే చక్రం. ఎందుకంటే ముల్లు మొన టైరు లోపలే ఉండిపోయింది. పైన విరిగిపోయి బయటికి కనపడదు, లోపల గింజంత పొడుచుకుని ఉంటుంది. ట్యూబు ఎక్కించే ముందు గుడ్డ ముక్క తీసుకుని టైరు లోపలంతా గుండ్రంగా తుడవాలి. ముల్లున్న చోట గుడ్డ పట్టుకుంటుంది. వేళ్ళతో తడిమితే వేలు తెగుతుంది, లేదా అసలు దొరకదు. అతనికి ఇది తెలుసు, నాకూ తెలుసు. చప్పట్ల తొందరలో ఇద్దరం మర్చిపోయాం.

ఈసారి ట్యూబు అతుక్కి పనికిరాకుండా చిరిగింది. సంచి తీస్తే హిమాలయన్‌కి సరిపడే 17 అంగుళాల వెనక ట్యూబు ఒకటి, ముందు చక్రాలకి 21 అంగుళాలవి రెండు. ఎక్స్‌పల్స్ వెనక చక్రం 18. ముందు చక్రాలు రెండు బండ్లకీ 21 కాబట్టి వెనకవి కూడా ఒకటే అన్నట్టు సర్దుకొచ్చాను. చేసేది లేక 21 అంగుళాల ట్యూబునే మడత పడకుండా సర్ది 18లోకి ఎక్కించాం. ఆపద గడవడానికి పనికొస్తుంది, నిదానంగా పోవాలి. ఆవిడ అలాగే నిదానంగా దొనకొండ దాకా వచ్చి అక్కడ సరైన సైజు ట్యూబు మార్పించుకుంది. రెండో పంక్చర్‌కి ఇంకో 40 నిమిషాలు.

ఈ 40 నిమిషాల్లో జరిగింది నేను ఊహించలేదు. మిగతావాళ్ళు చిరాకు పడి తిరుగుతారనుకున్నాను. బ్యాంకాయన పొలం గట్టు వెంబడి నడుస్తూ పోయి ఒక చోట వంగి నిలబడ్డారు. "ఒకసారి రండి" అని పిలిచారు. గట్టులో కూరుకుపోయి ఒక ఇటుక అంచు కనిపిస్తోంది. ఇప్పటి ఇటుకకి రెండింతల పొడుగు. శాతవాహనుల నాటి ఇటుకలు పెద్దవని కొండ మీద నేను ఒక్క మాట అన్నాను, అదీ నడుస్తూ. అది పాతదో, ఎప్పటిదో చెప్పడానికి నేను పురావస్తు శాస్త్రవేత్తని కాను. ఆయన ముట్టుకోలేదు. ఫోటో తీసి, పక్కన తాళంచెవి పెట్టి సైజు తెలిసేలా ఇంకోటి తీసి, చోటు గుర్తు పెట్టుకున్నారు. తిరుగు దారిలో స్తూపం కాపలా ఆయనకి చూపించి చెప్పి వచ్చాం. నవంబరు రెండు రైడ్లలో ఇలా నేల వైపు చూసినవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు ముందు రైడ్ కదా, గట్టులు వాళ్ళకి కేవలం దూకించాల్సినవి.

మొత్తం మట్టి రైడ్ 14 కిలోమీటర్లు. దొనకొండ చేరేసరికి పన్నెండూ ముప్పావు. చెప్పిన టైముకి గంటా పావు ఆలస్యం.

లెక్కలు

మనిషికి 1,800 చొప్పున 9,000 వచ్చింది. మెకానిక్‌కి 1,500, రెండు బండ్ల పెట్రోలు 1,300, ట్యూబులు సామాను 1,100, టిఫిన్లు నీళ్ళు 900, కొడవలి తెచ్చి ఆదుకున్న పెద్దాయనకి 500 (తీసుకోనన్నాడు, మనవడి చేతిలో పెట్టొచ్చాను). ముందు నెలలో దారి చూడ్డానికి తిరిగిన పెట్రోలు 800 కూడా వేస్తే నాకు మిగిలింది 2,900. ఒక ఆదివారానికి ఇది తక్కువే. రైడ్ సగానికి తగ్గినందుకు డబ్బు కొంత వెనక్కిస్తానన్నాను. నలుగురు వద్దన్నారు. పొగాకు అన్నదమ్ముల్లో చిన్నవాడు మాత్రం "వచ్చేసారికి తగ్గించుకోన్నా" అన్నాడు. ఫిబ్రవరిలో వచ్చాడు, తగ్గించుకున్నాను.

తర్వాత మార్చుకున్నవి

స్తూపం ముందు, మట్టి తర్వాత. ఇది ఇప్పుడు ఏ రైడ్‌కీ మార్చను. ఆ చలికాలంలో ఇంకో నాలుగు రైడ్లు ఇదే వరసలో చేశాను. స్తూపం దగ్గర అందరికంటే తొందరగా దిగిపోయిన జట్టు కూడా 50 నిమిషాలు ఉంది. దీనికి నష్టం లేకపోలేదు. ఎండ ఎక్కాక రైడ్ అంటే మార్చి వచ్చేసరికి కుదరదు. పదిన్నరకే గరప నేల పెనంలా కాలుతుంది. అందుకని ఫిబ్రవరి చివరితో ఆపేస్తున్నాను. అంటే ఏడాదికి నాలుగు నెలల పని. పొట్ట గడవడానికి ఇంకోటి చేసుకోవాల్సిందే, నేను చేసుకుంటున్నాను.

వాన పడ్డాక వారం దాటితే గానీ రేగడి దారుల వైపు చూడను, అదీ ముందు రోజు నేనో మెకానిక్ తమ్ముడో ఒక బండి దించి చూశాకే. ఫోన్లో కనుక్కోవడం లేదు. ఆ ఊరి రైతు ఎవరైనా చేయి అడ్డం పెడితే అందరూ ఇంజన్లు ఆపాలి, ఇది టీ దగ్గరే చెబుతాను. సంచిలో 17, 18, 21 మూడు సైజుల ట్యూబులు, ఒక పాత నూలు గుడ్డ. గుడ్డ లేకుండా లివర్ ముట్టుకోకూడదని మెకానిక్ తమ్ముడు వాడికి వాడే రూలు పెట్టుకున్నాడు. నల్లమల వైపు తీసుకుపొమ్మని ప్రతిసారీ ఒకరు అడుగుతారు. అది పులుల అభయారణ్యం, అడవిలో డొంకలు మన కోసం లేవు.

పొగాకు అన్నదమ్ములకి ఇప్పటికీ 14 కిలోమీటర్లు తక్కువే. పెద్దవాడు మొన్న కూడా అన్నాడు, "స్తూపం బానే ఉంది గాని అన్నా, ఇంకో పది కిలోమీటర్లు కలపరాదూ". కలిపితే మధ్యాహ్నం రెండవుతుంది, అప్పుడది హాఫ్ డే కాదు. వాళ్ళ కోసం స్తూపం లేని మట్టి రైడ్ ఒకటి వేరే రోజు పెట్టాను. వచ్చారు, బాగా నడిపారు. తిరిగొచ్చేటప్పుడు చిన్నవాడు చందవరం తిరుగుడు దగ్గర బండి స్లో చేసి ఒకసారి కొండ వైపు చూశాడు, ఆగలేదు.

ఇక మెసేజ్ సంగతి. ఇప్పుడు "చందవరం స్తూపం, దొనకొండ మండలం" అని రాసి, లొకేషన్ పెట్టి, కింద "అద్దంకి కాదు" అని కూడా రాస్తున్నాను. సింగరకొండ అనే మాటే తీసేశాను. కొండ పేరు పైకి ఎక్కాక చెబుతున్నాను.